కట్టు విప్పొద్దన్న వారం

ముప్పై ఏళ్ల పైన ఎముకల డాక్టరుగా పనిచేశాను. మొదట బందరు ప్రభుత్వాసుపత్రిలో, ఆ తరువాత గుడివాడలో. ఇంట్లో మా ఆవిడ మాత్రం నన్ను సీఐ గారూ అని పిలుస్తుంది. పాలలో నీళ్లెన్ని కలిశాయో, ఆటో అతను ఊరంతా తిప్పి తెచ్చాడో లేదో, పెళ్లి భోజనంలో వడ్డించింది అసలు నెయ్యేనా కాదా, ఇవన్నీ తేల్చందే నాకు నిద్ర పట్టదని ఆవిడ ఫిర్యాదు. నిజమే. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగం నేర్పింది. చాలాసార్లు కాపాడింది. ఒక్కసారి మాత్రం నిండా ముంచింది, నన్ను కాదు, ఒక మనిషిని.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, సన్మానాలు రాయను. అవి అందరికీ ఒకలాగే ఉంటాయి. కాలి బొటనవేలి గురించి రాస్తాను. పెద్ద పెద్ద తుంటి ఆపరేషన్లు చేసినవాడు బొటనవేలి గురించి రాయడమేమిటని నవ్వుకోవచ్చు. నాకు ఎక్కువ బుద్ధి చెప్పింది అదే.

పెరిగిన ఎముక కాదు

"డాక్టరు గారూ, ఇక్కడ ఎముక పెరిగిందండీ" అంటూ వచ్చి చెప్పు విప్పుతారు. బొటనవేలి మొదట్లో, పాదం లోపలి పక్కన, ఉసిరికాయంత బుడిపె. అది పెరిగిన ఎముక కాదు. వేలి వెనకున్న పొడుగాటి ఎముక ఒక పక్కకి జరుగుతుంది, వేలేమో రెండో పక్కకి, పక్క వేలి మీదకి ఒరుగుతుంది. మధ్యలో కీలు మోచెయ్యి మడిచినట్టు బయటకి పొడుచుకొస్తుంది. దాన్ని చెక్కేస్తే సరిపోతుందనుకునే డాక్టర్లు నా రోజుల్లో ఉండేవాళ్లు. ఇప్పుడూ ఉండే ఉంటారు.

మా ప్రాంతంలో నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లకి ఈ బుడిపెలు చాలానే చూశాను. వాళ్లు దాని కోసం ఎప్పుడూ రాలేదు. జ్వరానికో నడుం నొప్పికో వస్తే, కాలు నాకు కనబడేది. బురదలో ఉత్తికాళ్లతో తిరిగేవాళ్లకి అదొక ఆకారమే తప్ప బాధ కాదు. బాధ చెప్పులతో మొదలవుతుంది. బూట్లేసుకుని బడికి వెళ్లే టీచరుకి, డ్యూటీ బూట్ల నర్సుకి. తొంభైల్లో వరి చేలు చెరువులై, రొయ్యల షెడ్లు వచ్చాక, గమ్‌బూట్లు వేసుకుని తడి నేల మీద పొద్దంతా నిలబడే ఆడవాళ్లకి కూడా.

అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ "నొప్పా, చూపుకి బాగోలేదా?" అనే. చూపు కోసం వచ్చినవాళ్లని తిప్పి పంపేసేవాణ్ణి. పెళ్లి ఫోటోల్లో కాలు బాగుండాలని ఒకమ్మాయి వస్తే, ఫోటోగ్రాఫర్ని నడుం దాకా తీయమనమ్మా అన్నాను. వాళ్ల నాన్న నన్ను ముక్కోపి అన్నాడు. అననీ.

నరసింహం గారి దగ్గర

బందరులో నా పై డాక్టరు నరసింహం గారు. పొట్టిగా, తెల్ల చొక్కా, జేబులో ఎప్పుడూ చిన్న టేపు. మనిషిని చూసి నవ్వేవాడు కాదు, ఎక్స్‌రేని చూసి మాత్రం ఎగతాళిగా నవ్వేవాడు.

పిండికట్టు వేసి పంపిన రోగి నెలకి తిరిగొస్తే ఆయన కట్టు పైభాగం చూసేవాడు కాదు. వంగి అడుగు చూసేవాడు. ఒకసారి దివిసీమ నుంచి ఒక రైతు వచ్చాడు.

"కింద కాలు పెట్టావా?"

"లేదండీ. మంచం దిగితే ఒట్టు."

"మరి ఈ మట్టి ఎక్కడిదయ్యా? మంచమే చేలో వేయించావా?"

వార్డంతా నవ్వింది, రైతు కూడా నవ్వాడు. మేం జూనియర్లం ఆ ఒక్క ఏడాదిలో రోగి మాట నమ్మడం మానేశాం. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం అది, అందులో సగం తప్పు ఉందని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

రెండోది బంగారం లాంటి పాఠం. కాలి వేలి ఎక్స్‌రే ఎప్పుడూ మనిషిని నిలబెట్టి తీయించాలి. "పడుకోబెట్టి తీస్తే కాలు బుద్ధిగా కనిపిస్తుందయ్యా. బరువు పడితే గదా దాని అసలు సంగతి బయటపడేది" అనేవాడు.

మూడోది, కట్టు లోపల నొప్పి అని రోగి అంటే, ఎలాంటివాడైనా సరే, ముందు కట్టు కోయాలి. మాట తరువాత. ఆ ఒక్క విషయంలో ఆయన అందరినీ నమ్మేవాడు. బెడ్డు దిగి బీడీకి వెళ్లొచ్చిన దొంగ రోగి అన్నా సరే, కత్తెర తీసుకుని పరుగెత్తేవాడు.

సుశీల టీచరు వేలు

నా చేతి మీదుగా పాడైన మొదటి బొటనవేలు ముదినేపల్లి సుశీల టీచరుది. మిషన్ బడిలో చదువుకుని, అదే బడిలో టీచరైన మనిషి. ఆదివారం ప్రార్థనకి కూడా బూట్లతోనే వెళ్లేది. పాత పద్ధతిలో చేశాను. వేలి పక్కన బెత్తెడు కోత, ఎముక రంపంతో కోసి, బిగుతుగా ఉన్న స్నాయువులన్నీ వదులు చేసి, ఆరు వారాలు పిండికట్టు. గాయం మానడానికే రెండు నెలలు పట్టింది. మా ఉప్పుగాలికి, చెమటకి కోతలు తొందరగా మానవు.

మానాక చూస్తే వేలు అవతలి పక్కకి తిరిగిపోయింది. ఎక్కువ వదులు చేసేశాను. పక్క వేలి మీదకి ఒరిగే బొటనవేలు ఇప్పుడు బయట గాలికి పోతోంది.

"ఇదివరకు బూటులో పట్టేది కాదండీ, నొక్కుకునైనా దూర్చేదాన్ని. ఇప్పుడు చెప్పులో కూడా నిలవట్లేదు" అంది. తిట్టలేదు, కేకలు వేయలేదు. చెప్పులో నుంచి బయటికొచ్చిన వేలిని చూపించి, నా మొహం చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తరువాత చాలా ఏళ్లు ఈ బుడిపె మీద చెయ్యి వేయలేదు. వెడల్పు చెప్పులు వేసుకోండమ్మా అని చెప్పి పంపేసేవాణ్ణి. దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. భయం అనాలి.

చిన్న రంధ్రం, పెద్ద మాటలు

రెండువేల సంవత్సరం దాటాక గుడివాడలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. దాని యజమాని కిరణ్, నాకంటే పదిహేనేళ్లు చిన్న. పెద్ద ఊళ్లో శిక్షణ పొంది వచ్చాడు. ఒకరోజు హుషారుగా వచ్చి, "సార్, బొటనవేలికి ఇక కోతే అక్కర్లేదు. చిన్న రంధ్రం చాలు" అన్నాడు.

నన్ను హైదరాబాదులో ఒక హోటల్ హాలుకి తీసుకెళ్లాడు. తెర మీద బొమ్మలు చూపిస్తున్నారు. పెసరగింజంత కోత, అందులోంచి పళ్ల డాక్టరు దగ్గర ఉండేలాంటి తిరిగే చిన్న ములుకు, పక్కనే ఎక్స్‌రే తెర. లోపల ఎముకని ములుకుతో అరగదీసి, విడదీసి, చేత్తో నొక్కి సరిచేస్తారు. స్క్రూ లేదు, తీగ లేదు. కట్టే దాన్ని పట్టి ఉంచుతుంది. మనిషి అదే రోజు గట్టి అడుగున్న చెప్పుతో నడిచి వెళ్తాడు. ఆపరేషన్ ముందు ఎక్స్‌రే, తరువాత ఎక్స్‌రే పక్కపక్కన. హాలంతా ఆహా అంది.

నేను చెయ్యెత్తాను. "మొదటిది నిలబెట్టి తీసింది. రెండోది కూడా నిలబెట్టి తీసిందేనా అండీ?"

మాట్లాడుతున్నాయన గ్లాసెత్తి నీళ్లు తాగాడు. అది తరువాత చూద్దాం అన్నాడు. తరువాత చూడలేదు. భోజనాల దగ్గర పరికరాల కంపెనీ కుర్రాడు నా ప్లేటులో రెండు స్వీట్లు ఎక్కువ వేయించాడు. ఆ రెండూ తినకుండా వదిలేశాను.

అయినా ఆ పద్ధతిని కొట్టిపారేయలేకపోయాను. సుశీల టీచరు గాయం రెండు నెలలు మానకపోవడం నా కళ్లలో ఉంది. చిన్న రంధ్రమైతే ఆ బాధ ఉండదు కదా. అందుకని కిరణ్‌కి ఒక షరతు పెట్టాను. ప్రతి కాలికీ ఆపరేషన్‌కి ముందూ తరువాతా నిలబెట్టే ఎక్స్‌రే. ఎక్స్‌రే గదిలో రెండు మెట్ల చెక్క పీట చేయించాం. మొదటి అయిదారు కాళ్లు ఆ పీట ఎక్కి పరీక్ష నెగ్గాయి. నాకు నమ్మకం కలిగింది. నా అనుమానాలన్నీ తీరాయనుకున్నాను.

ఒక్కటి మాత్రం నేను అనుమానించలేదు. వారం రోజుల దాకా కట్టు విప్పకూడదు, విప్పితే ఎముక జారిపోతుంది అని ఆ హాల్లో చెప్పారు. అన్నింటికీ ఆధారం అడిగినవాణ్ణి, దీనికి అడగలేదు. ఎందుకంటే ఆ నియమం నా బుద్ధికి సరిగ్గా సరిపోయింది. రోగులు కట్టు విప్పుకుంటారని నాకు ముందే గట్టి నమ్మకం.

వెంకటరత్నం

నాగాయలంక దగ్గరి ఊరు ఆమెది. వయసు నలభై లోపు. రొయ్యల తలలు తీసే షెడ్డులో ఒక బల్లకి మేస్త్రీ, ఆమె కింద పదిమంది ఆడవాళ్లు. బూట్లు లేకపోతే షెడ్డు లోపలికి రానివ్వరు. కుడికాలి బుడిపె బూటుకి ఒరుసుకుని పచ్చిపుండు అయ్యేది. బ్లేడుతో బూటు పక్కన కంత కోసుకుంది. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ బూటు చూసి, కంతలోంచి నీళ్లు పోతాయి, పనికిరాదు, ఇంకో నెలలో సరైన బూట్లతో రాకపోతే బల్ల వేరేవాళ్లకి ఇస్తామన్నారు.

"ఎడమకాలికీ ఉందండీ కాయ, కానీ అది ఓర్చుకోవచ్చు. ఈ కుడిది ఒక్కటి బూటులో పట్టేలా చెయ్యండి, చాలు" అంది. చూపు మాటే ఎత్తలేదు. ఇలాంటి కాలికే ఆపరేషన్ చేయాలి. ఒప్పుకున్నాను.

ఆపరేషన్ గది దగ్గర చిక్కొచ్చింది. కుడికాలి మెట్టె తీయాలి. రెండో వేలికి ఉన్న వెండి మెట్టె ఎక్స్‌రే తెర మీద అడ్డం, వాపొస్తే ఇరుక్కుంటుంది కూడా. ఆమె ససేమిరా అంది. బయట బెంచీ మీద భర్త సాంబయ్య ఉన్నాడు, తీస్తే తీయవే అంటున్నాడు. ఆమె మాత్రం, "మీరుండగా నేను తీయను" అంటోంది.

నాకు అవతల ఇంకో కేసు ఉంది. "పసుపు దారం కట్టుకోమ్మా దాని బదులు. సూత్రాలు మరమ్మత్తుకిస్తే దారం వేసుకోరూ?" అన్నాను. ఆమె మొహం తేటపడింది. ఆయా ఎస్తేరమ్మకి చెప్పాను. ఎస్తేరమ్మ చర్చికి వెళ్లే మనిషి, ఆ తంతు ఆమెది కాదు. అయినా వంటగదిలోకి వెళ్లి, దారానికి పసుపు రాసి తెచ్చి, ఆ వేలికి మూడు చుట్లు చుట్టి ముడి వేసింది. మెట్టె గుడ్డలో మూటగట్టి సాంబయ్య చేతికిచ్చింది.

కాలు శుభ్రం చేస్తుంటే ఆ దారం నేను చూశాను. మందు నీళ్లకి తడిసి గోధుమరంగుకి తిరిగింది. ఇదేమిటని అడిగాను, ఎస్తేరమ్మ గుర్తు చేసింది, సరే ఉండనీ అన్నాను. చీలమండ దగ్గర మత్తు ఇచ్చాను. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. బొటనవేలు గీత గీసినట్టు నిటారుగా వచ్చింది. రెండో వేలిని ఆసరాగా కలుపుకుని, గుడ్డ వేసి గట్టిగా కట్టు కట్టాను. వేళ్ల చివర్లు కనబడేలా వదలాలని ప్రతి జూనియర్‌కీ చెప్పేవాణ్ణి. ఆరోజు బొటనవేలి చివర ఒక్కటే వదిలాను. రెండోది కట్టు లోపలికి పోయింది, దారంతో సహా.

దారం తడిస్తే బిగుస్తుంది. ఆపరేషనైన కాలు వాస్తుంది. ఈ రెండు ముక్కలూ ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు, మా వంటమనిషికి కూడా తెలుసు.

మూడుసార్లు చెప్పింది

మర్నాడు పొద్దున రౌండ్లలో, "రెండో వేలు మండిపోతోందండీ" అంది. ఆపరేషన్ చేసింది బొటనవేలికైతే రెండో వేలేం మండుతుందమ్మా అన్నాను. నొప్పికి ఇంజెక్షన్ రాశాను. మధ్యాహ్నం ఇంటికి పంపేశాను. "వారం దాకా కట్టు ముట్టుకోవద్దు. ముట్టుకున్నట్టు తెలిసిందో, నా దగ్గరికి రావద్దు" అని గట్టిగా చెప్పాను.

ఆ మర్నాడు నాగాయలంక బూత్ నుంచి ఆమే ఫోన్ చేసింది. అదే మాట. "దిండు మీద ఎత్తుగా పెట్టుకో, తగ్గుతుంది" అన్నాను. కట్టు కాస్త వదులు చేసుకోనా అంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఈవిడకి మెట్టె మీద ధ్యాస, కట్టు విప్పి మెట్టె పెట్టుకుందామని వంక వెతుకుతోంది అనుకున్నాను. నరసింహం గారు వంగి చూసిన మట్టి అడుగు నాకు గుర్తొచ్చింది. ఆయన కత్తెరతో పరుగెత్తడం గుర్తు రాలేదు.

మూడో రోజు సాంబయ్య ఫోన్ చేశాడు. "అన్నం తినట్లేదండీ, ఏడుస్తోందండీ. నేను విప్పనా?"

"నువ్వు డాక్టరువా, నేనా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

నాలుగో రోజు ఆమె బస్సెక్కి వచ్చేసింది. కట్టు నేను వేసింది వేసినట్టే ఉంది. అడుగున మట్టి లేదు. ఎవరూ ముట్టుకోలేదని చూడగానే తెలిసింది. కత్తెరతో కోసి గుడ్డ తీశాను. బొటనవేలు చక్కగా ఉంది. రెండో వేలు నల్లగా, చల్లగా ఉంది. వేలి మొదట్లో దారం కండలోకి దిగిపోయి, కనిపించడం లేదు. ఆ దారాన్ని పట్టకారుతో పైకి తీసి తెంపుతుంటే ఆమె అబ్బా అని కూడా అనలేదు. ఆ వేలికి ఇక నొప్పి తెలియదు.

విచారణ

కిరణ్ నన్ను పక్క గదిలోకి లాక్కెళ్లాడు. "సార్, కంగారు పడకండి. రక్తప్రసరణ లోపం అని రాద్దాం. షుగర్ కూడా ఉందేమో చూద్దాం. అయినా దారం కట్టింది ఆయా కదా."

అవును అన్నాను. ఆ ఒక్క మాటకి నేను ఈ వ్యాసం మొత్తంలో ఎక్కువ సిగ్గుపడుతున్నాను. ఎస్తేరమ్మని పనిలోకి రావద్దన్నారు. నేను ఆపలేదు. వెంకటరత్నాన్ని వార్డులో పెట్టి, రక్తం ఆడుతుందేమో చూద్దాం అని ఆమెతో అన్నాను. ఎందుకు ఆడలేదో చెప్పలేదు.

రెండు రోజులు సీఐ గారి విచారణ సాగింది. ముడి ఎన్నిసార్లు వేశారు? దారం నూలా, నైలానా? వార్డు నర్సు కట్టు చూసిందా? షుగర్ పరీక్ష చేయిస్తే ఏ లోపమూ లేదని వచ్చింది. చివరికి ఎస్తేరమ్మ ఇంటికే వెళ్లాను. వీధి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. లేచి నిలబడింది.

"అంత బిగించి ఎందుకు కట్టావు?"

"వేలు దూరేంత వదులుగానే కట్టానండీ. మీరు చూశారు కదండీ, ఇదేంటని అడిగారు కూడా. ఉండనీ అన్నారు." ఆగి, మళ్లీ అంది, "నేను అబద్ధం చెప్తే మీకు తెలిసిపోతుందిగా సార్. మీకు అన్నీ తెలుస్తాయంటారు."

ఆమె ఎగతాళి చేయలేదు. నిజంగానే అలా అనుకునేది. అప్పుడు తిరిగి లెక్క చూసుకున్నాను. దారం కట్టమన్నది నేను. ఉండనిచ్చింది నేను. దాని మీద కట్టు వేసింది నేను. వేలి చివర కనబడకుండా మూసింది నేను. మూడుసార్లు నొప్పంటే వినంది నేను. ఊరందరినీ బోనెక్కించిన వాణ్ణి, నన్ను మాత్రం ఒక్కసారీ ఎక్కించలేదు.

అక్కణ్ణుంచి తిన్నగా వార్డుకి వెళ్లాను. వద్దు సార్ అంటూ కిరణ్ నా వెనకే వచ్చాడు. సాంబయ్య మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ వరసగా అంతా చెప్పాను. ఆ వేలు దక్కదని కూడా చెప్పాను.

సాంబయ్య ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"దారం సంగతి వదిలేయండి. మెట్టె తీయనని నేనూ పట్టుబట్టాను. మూడో రోజున ఈయన కత్తెర పట్టుకుని కూర్చున్నాడండీ, విప్పేస్తానని. నేనే వద్దన్నాను. డాక్టరు గారు విప్పొద్దన్నారు, ఆయన మాట కాదనకూడదని. విప్పుకుంటానని మీరు నన్ను అనుమానించారు చూడండి, నిజంగా విప్పుకుని ఉంటే నా వేలు నాకు ఉండేది."

మర్నాడు ఎస్తేరమ్మని వెనక్కి పిలిచాం. కేసు షీటులో జరిగింది జరిగినట్టు నా చేత్తో రాశాను. కిరణ్ నాతో చాలా రోజులు ముభావంగా ఉన్నాడు, తరువాత తనే, ఏ కట్టైనా రెండో రోజు విప్పి చూడాలని గోడ మీద రాయించాడు. విప్పి జాగ్రత్తగా మళ్లీ కడితే ఎముక ఎక్కడికీ జారదు. మేం ఆ తరువాత ఎన్నో కాళ్లకి అలాగే చేశాం. చిన్న రంధ్రం పద్ధతి మంచిదే. పిల్లలూ, దాన్ని నేర్చుకోండి. కానీ అందులో ఆపరేషన్ సగమే, మిగతా సగం కట్టు. ఆ సగాన్ని ఎవరికీ అప్పగించకండి. కొత్త పద్ధతితో పాటు వచ్చే నియమాల్లో మీకు బాగా నచ్చినదాన్ని ముందు అనుమానించండి. రోగి కాలు కింద పెట్టలేదంటే నమ్మకపోయినా ఫర్వాలేదు. నొప్పంటే మాత్రం నమ్మండి.

బల్ల మీద

నల్లబడింది ఎక్కడిదాకా అన్నది తేలడానికి మూడు వారాలు ఆగాలి. షెడ్డువాళ్లకి నేనే ఉత్తరం రాసి, బల్ల ఆమెకే ఉంచమని అడిగాను. ఉంచారు. వేలు తీయడానికి విజయవాడలో ఇంకో డాక్టరు దగ్గరికి పంపుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"మీరే చెయ్యండి. వేరే ఆయనైతే మామూలుగా చేస్తాడు. మీరు భయపడి చేస్తారు" అంది.

వేలు తీసే రోజు పొద్దున ఎస్తేరమ్మ ఆమెని తీసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టింది. చీలమండ చుట్టూ మత్తు ఇచ్చాను. కాసేపాగి, ఎప్పుడూ చేసేదే, సూది మొనతో పాదం మీద మెల్లగా తాకాను. ఇన్నేళ్లుగా ప్రతి రోగినీ అడిగే ప్రశ్నే అడిగాను.

"ఏమైనా తెలుస్తోందామ్మా?"

ఆమె తల కాస్త ఎత్తి నా వైపు చూసింది.

"తెలుస్తోందంటే నమ్ముతారా డాక్టరు గారూ?"

సూది ట్రేలో పెట్టేసి, బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. పది నిమిషాల తరువాత, ఇప్పుడు తెలియట్లేదండీ అని తనే చెప్పింది. అప్పుడు లేచాను.